పొద్దుండగానే కదిలితే

ఇల్లు మారడమంటే మన ఇళ్లలో ఎంత తతంగమో మీకు తెలియనిది కాదు. ముందు పంచాంగం తెరుస్తారు. ఆషాఢం వద్దంటారు. మూఢం వద్దంటారు. మంగళవారం ఊసే ఎత్తనివ్వరు. ఎలాగో ఒక ముహూర్తం కుదురుతుంది. ఆ రోజు కొత్తింట్లో మొదట దేవుడి పటం అడుగు పెడుతుంది. పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఆ తర్వాతే బీరువా, మంచాలు, ఆవకాయ జాడీ. ఆ జాడీని మాత్రం ఇంటావిడ ఎవరి చేతికీ ఇవ్వదు. ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంటుంది.

నెల్లూరు తీరంలో మరో రకం ఇల్లు మారడం ఉంది. దానికి ముహూర్తం లేదు. పాలు పొంగించడం లేదు. సామాను లారీ లేదు. చేతికి దొరికింది మూటగట్టి, పిల్లల్ని చంకనేసుకుని బయల్దేరడమే. గడువు ఒక్కోసారి ఒక రోజు. ఒక్కోసారి ఆరు గంటలు.

ఈ పూట ముచ్చట దాని గురించే. తుఫాను వస్తోందని కబురు అందాక ఇల్లు ఖాళీ చేయడం గురించి. ఇది వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది. తలుపు గడియ పెట్టి నడిచిపోవడమే కదా అనిపిస్తుంది. నడవడం తేలికే. తలుపు వేయడమే కష్టం.

ముందు ఆ తీరాన్ని ఒకసారి కళ్ల ముందు పెట్టుకుందాం. ఉత్తరాన రామాయపట్నం. అక్కణ్నుంచి కిందికి వస్తే తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి. ఇంకా దిగితే పెన్న సముద్రంలో కలిసే చోటు. ఆపైన మైపాడు, కోడూరు, కృష్ణపట్నం. దక్షిణాన తూపిలిపాలెం, దుగరాజపట్నం, ఆ తర్వాత శ్రీహరికోట, పులికాట్ సరస్సు. జిల్లా సరిహద్దులు ఈమధ్య మారాయి. సముద్రం మాత్రం ఎప్పటిదే. ఒడ్డున ఇసుక తిన్నెలు. తిన్నెల వెనక సరుగుడు తోటలు. ఆ నీడన పట్టపుపాలేలు, పల్లెకారుల ఇళ్లు. ఇంకొంచెం లోపలికి పోతే ఉప్పు కొఠార్లు, రొయ్యల గుంటలు. రాత్రిపూట అలల చప్పుడు వినబడకపోతే నిద్ర పట్టనంత దగ్గరగా ఉంటాయి ఆ ఇళ్లు.

ఆ దగ్గరతనమే బతుకుతెరువు. ఆ దగ్గరతనమే ప్రమాదం కూడా.

ఇక్కడ 1989 నవంబరు సంగతి చెప్పుకోవాలి. కాస్త వయసు మళ్లిన నెల్లూరు శ్రోతలకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. కావలి తుఫాను. మన సముద్రంలో తుఫాన్లకు పేర్లు పెట్టే అలవాటు 2004 నుంచే మొదలైంది. అంతకు ముందు ఏ ఊరిని కొడితే ఆ ఊరి పేరే. అందుకే అది కావలి తుఫాను.

కానీ ఆ తుఫానుకు వేరే చోట ఇంకో పేరుంది. అది పుట్టింది మన బంగాళాఖాతంలో కాదు. థాయిలాండ్ సింధుశాఖలో. అక్కడ దాన్ని టైఫూన్ గే అన్నారు. నవంబరు 3న సముద్రంలో గ్యాస్ కోసం బావులు తవ్వే ఒక పెద్ద ఓడ దాని దెబ్బకు తిరగబడింది. ఆ ఓడ పేరు సీక్రెస్ట్. అందులో 91 మంది చనిపోయారు. మర్నాడు, అంటే నవంబరు 4న, అది థాయిలాండ్‌లోని చుంఫోన్ దగ్గర నేల మీదికి వచ్చింది. ఆ సింధుశాఖలోనూ చుట్టుపక్కలా కలిపి 800 మందికి పైగా పోయారు. చాలామంది పడవల మీద ఉన్నవాళ్లే. తుఫాను వాళ్ల మధ్యలోనే పుట్టి, చూస్తుండగానే బలిసింది. ఒడ్డు చేరే వ్యవధి దొరకలేదు.

మామూలుగా నేల తగిలితే తుఫాను చల్లబడుతుంది. ఇది చల్లబడలేదు. అక్కడి నేల సన్నగా, గరిటె కాడలాగా ఉంటుంది. దాన్ని దాటి ఇవతలి సముద్రంలోకి దిగింది. మళ్లీ బలం పుంజుకుంది. బంగాళాఖాతం మీదుగా నాలుగు రోజులు నడిచొచ్చింది. నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 230 కిలోమీటర్ల దాకా వీచిందని అంచనా. ఇళ్లు వేలల్లో కూలాయి. చెట్టన్నది నిలబడలేదు. మన దేశంలో ఆ తుఫానుకు చనిపోయినవాళ్లు 69 మంది.

అరవై తొమ్మిది మంది అంటే తక్కువేమీ కాదు. అరవై తొమ్మిది ఇళ్లల్లో ఏడుపు. అయినా ఒకసారి పోల్చి చూడండి. అదే తుఫాను. ఇవతలికి వచ్చేసరికి ఇంకా బలిసిన తుఫాను. అక్కడ 800 దాటింది. ఇక్కడ 70 లోపు. ఈ తేడాకు కారణం ఒక్కటే అనడం సరికాదు. అక్కడ అది నడిసముద్రంలో పడవల మీద పడింది. ఇక్కడికి వచ్చేసరికి దాని నడిబొడ్డు చాలా ఇరుగ్గా ఉంది, పెనుగాలి తగిలిన మేర కొంచెమే. కానీ ఒక కారణాన్ని మాత్రం కొట్టిపారేయలేం. మనకు నాలుగు రోజుల వ్యవధి దొరికింది. ఆకాశంలోని ఉపగ్రహం దాన్ని అడుగడుగునా చూస్తూనే ఉంది.

వ్యవధి ఎంత విలువైనదో మన తీరానికి అంతకు ముందే తెలిసింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది దాకా పోయారు. 1990 మే నెలలో దాదాపు అదే ప్రాంతాన్ని, కృష్ణా డెల్టాను, ఇంకో పెను తుఫాను కొట్టింది. ఈసారి ముందుగానే ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఈ రెండు తుఫాన్ల మధ్య గడిచింది పదమూడేళ్లు కూడా కాదు. ఆ పదమూడేళ్లలో సముద్రం మెత్తబడలేదు. జనం కదలడం నేర్చుకున్నారు.

ఇంతకీ ఆ కబురు ఎలా అందేది?

ఒకప్పుడు టముకు వేసేవాళ్లు. వీధి చివర డప్పు మోగితే జనం బయటికొచ్చేవాళ్లు. రేవులో అయితే సూచికలు. ఇవి ఇప్పటికీ ఉన్నాయి. కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అని మీరు వార్తల్లో వింటూనే ఉంటారు. స్తంభం మీద పగలైతే నల్లటి శంకు ఆకారాలు, డ్రమ్ము ఆకారాలు వేలాడదీస్తారు. రాత్రయితే ఎర్రదీపాలు, తెల్లదీపాలు. ఒకటి, రెండు అంటే దూరంగా సముద్రంలో ఎక్కడో ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది అంటే అతి పెద్ద ప్రమాదం. మరి పదకొండు? పదో నంబరు కంటే పెద్ద తుఫాను అనుకుంటారు చాలామంది. కాదు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇక చెప్పేవాళ్లు లేరని. ఆ నంబరు పడేదాకా ఇంట్లో కూర్చున్నవాడికి ఆ తర్వాత కబురు రాదు.

1980ల నడుమ తూర్పు తీరంలో ఇంకో ఏర్పాటు వచ్చింది. ఇన్సాట్ ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరిక అందుకునే పెట్టెలు. తీరంలోని ఆఫీసుల్లో వాటిని పెట్టారు. ముందు సైరను మోగేది. ఆ వెంటనే గొంతు వినిపించేది, మన ఊళ్లో అయితే తెలుగులో. టెలిఫోను తీగలు తెగినా ఆ గొంతు ఆగేది కాదు. ఇక రేడియో సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కరెంటు పోయాక, టీవీ నల్లబడ్డాక, చేతిలో ఫోను చచ్చిపోయాక, బ్యాటరీ వేసిన రేడియో ఒక్కటే మాట్లాడుతూ ఉంటుంది. ఇప్పుడు సెల్‌ఫోనుకే సందేశం వస్తోంది. వీఆర్వో వస్తాడు, సచివాలయం సిబ్బంది వస్తారు, ఆటోకు మైకు కట్టి వీధులన్నీ తిప్పుతారు. కబురు అందకపోవడం ఇప్పుడు అరుదు.

అయితే 2004 డిసెంబరు 26 గురించి ఒక మాట అనుకోవాలి. అది ఆదివారం. సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది తెల్లవారి ఆరున్నరకు. సునామీ అలలు మన తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగానే పట్టింది. అంటే రెండు గంటల గడువు నిజంగానే ఉంది. కానీ ఆ రెండు గంటలున్నాయని తీరానికి చెప్పే ఏర్పాటు లేదు. మన రాష్ట్రంలోనే నూరు మందికి పైగా పోయారు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు, ఒడ్డున ఆడుకుంటున్నవాళ్లు, సముద్ర స్నానానికి వచ్చినవాళ్లు. ఆ తర్వాతే, 2007లో, హైదరాబాదులో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది.

సరే. కబురు అందింది. ఇప్పుడు ఒక ఇంటి ముందుకు వెళదాం. ఇది ఊహించుకున్న ఇల్లే. కానీ ఇలాంటి ఇల్లు ఆ తీరంలో ఏ పాలెంలోనైనా మీకు కనబడుతుంది.

ఇంట్లో ఒక అవ్వ. ఆమె కొడుకు, కోడలు. ఇద్దరు పిల్లలు. వాకిట్లో ఐదు మేకలు. ఒడ్డున ఫైబరు బోటు, దాని ఇంజను, వలలు. వేళ మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ కాస్తోంది. అవును, ఎండే. తుఫాను ఇంకా దూరాన ఉండగా చాలాసార్లు ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. వీఆర్వో గుమ్మం ముందు నిలబడి, సాయంత్రానికల్లా తుఫాను షెల్టరుకు వచ్చేయమంటున్నాడు.

"నేను రాను నాయనా," అంటుంది అవ్వ. "మేకల్ని ఎవరు చూస్తారు?"

"బోటు సంగతి తేలిందాకా నేనూ రాను సార్," అంటాడు కొడుకు.

"పోయినేడు కూడా ఇట్టనే రమ్మన్నారు. ఏమైంది? చినుకు కూడా పడలేదు," అంటుంది పక్కింటామె.

ఈ మూడు మాటలూ జాగ్రత్తగా వినండి. పై నుంచి చూసేవాళ్లు దీన్ని మొండితనం అంటారు. అమాయకత్వం అంటారు. ప్రాణం మీద తీపి లేదా అని విసుక్కుంటారు. కానీ ఈ ముగ్గురిలో ఒక్కరూ సముద్రమంటే భయం లేదనలేదు. అవ్వకు మేకలే బ్యాంకు. ఆ కొడుకు బోటుకు, ఇంజనుకు, వలలకు అప్పు చేశాడు. గాలికి ఇల్లు పోతే మళ్లీ వేసుకోవచ్చు, నాలుగు వాసాలు, తాటాకులు. బోటు పోతే బతుకుతెరువే పోయినట్టు. వాళ్లను పట్టి ఉంచుతున్నది ఇల్లు కాదు. ఇంటి బయట ఉన్న సొత్తు.

కాబట్టి శ్రోతలూ, ఒక మాట చెబుతున్నాం. మనుషుల్ని కదిలించాలంటే ముందు బోటు కదలాలి. ముందు మేకలు కదలాలి. అప్పుడు మనుషులు వాళ్లంతట వాళ్లే కదులుతారు.

పాలేల్లో అనుభవం ఉన్న పెద్దలు చేసేది ఇదే. మొదటి హెచ్చరిక రాగానే, అంటే ఇంకా రెండు మూడు రోజులు ఉండగానే, వేట ఆపేస్తారు. బోట్లను తిన్నె మీదికి, వీలైతే సరుగుడు తోట దాకా లాగుతారు. ఒక్క బోటును లాగడానికి ఒక్క ఇల్లు చాలదు. పాలెం మొత్తం తాడు పట్టాలి. ఉప్పుటేరు దగ్గర్లో ఉంటే బోట్లను దాంట్లోకి తెచ్చి, ఒకదానికొకటి కట్టి లంగరేస్తారు. ఇంజను విప్పి భుజానెత్తుకుని తెస్తారు. వలలు మడిచి గట్టి కప్పున్న చోట పెడతారు. ఈ పని అయ్యాక ఆ కొడుకును షెల్టరుకు రమ్మని రెండోసారి అడగనక్కర్లేదు.

మరి మేకలు, గేదెలు? తోలుకుపోగలిగితే మెరక మీదికి తోలుకుపోవాలి. లేకపోతే పలుపు విప్పేయాలి. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. పలుపు విప్పేయాలి. గుంజకు కట్టి ఉన్న పశువు నీళ్లొస్తే ఉన్నచోటే మునిగిపోతుంది. విప్పి వదిలిన పశువు ఈదుతుంది, గట్టు వెతుక్కుంటుంది. ఉప్పెనల్లో పశువులు వేలకు వేలు చచ్చిపోవడానికి ఆ గుంజ కూడా ఒక కారణం.

ఇక పక్కింటామె మాట. పోయినేడు రమ్మన్నారు, ఏమీ కాలేదు. నిజమే. అలా జరుగుతుంది. 2012 ఏప్రిల్ 11న మధ్యాహ్నం రెండు దాటాక సుమత్రా దగ్గర మళ్లీ పెద్ద భూకంపం వచ్చింది. మన తీరమంతా సునామీ హెచ్చరిక. ఒడ్డున ఉన్న జనం పరుగు పరుగున ఇవతలికొచ్చారు. సాయంత్రానికి ప్రమాదం లేదన్నారు. భూమి ఈసారి పైకీ కిందికీ కాకుండా పక్కకు జరిగింది, అందుకే పెద్ద అల లేవలేదు. ఆ రోజు ఊరికే పరుగెత్తామని నవ్వుకున్నవాళ్లున్నారు. తుఫాను కూడా అంతే. నెల్లూరు మీదికి అనుకున్నది ఆఖరి రోజున ఉత్తరానికి తిరిగి బాపట్ల దగ్గర దాటవచ్చు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరం పక్కగా మెల్లగా పాకి, జిల్లా అంతా వానలో ముంచి, చివరికి బాపట్ల దగ్గర నేల మీదికొచ్చింది. తుఫాను దారిలో యాభై కిలోమీటర్ల తేడా కాగితం మీద చిన్న గీత. పాలెంలో ఉన్నవాళ్లకు అది ఇల్లు ఉండటమా, పోవడమా అన్నంత తేడా. ఆ గీత ఎటు తిరుగుతుందో ఖాయంగా తెలిసే సమయానికి గాలి మొదలై ఉంటుంది. గాలి మొదలయ్యాక కదలడం కుదరదు.

అందుకే పొద్దుండగానే. ఇది మళ్లీ చెబుతున్నాం. పొద్దుండగానే కదలాలి.

ఎందుకు పొద్దుండగానే? నెల్లూరు తీరపు నేలను చూస్తే అర్థమవుతుంది. ఒడ్డుకు సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ పోతుంది. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసు దాకా వెళ్లిన దారి అది. మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు దానికి 1878లో పెట్టారు. సునామీ రోజున ఈ కాలువే చాలాచోట్ల అలల నీటిని కొంత తనలోకి తీసుకుని లోపలి ఊళ్లకు అడ్డుపడిందని తర్వాత పరిశీలించినవాళ్లు చెప్పారు. మేలు చేసిన కాలువే. కానీ దానికి తూర్పున ఉన్న పాలేలకు అదొక గడప. బయటికి రావాలంటే దాన్ని దాటాలి. వంతెన ఎక్కడుందో అక్కడికే పోవాలి. పులికాట్‌లోని ఇరకం దీవి వాళ్లకైతే వంతెన కూడా లేదు, పడవే దిక్కు. గాలి లేచాక సరస్సులో పడవ వేయలేరు. అంటే వాళ్ల గడువు తుఫాను వచ్చేదాకా కాదు. గాలి వచ్చేదాకానే.

వాన వైపు నుంచి కూడా దారి తెగుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర మద్రాసు రైలు మార్గం కోతకు గురైంది. కోవూరు వైపు జాతీయ రహదారి తెగి వాహనాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అంత పెద్ద రహదారికే అలా జరిగితే, రొయ్యల గుంటల మధ్య కట్ట మీది మట్టిదారి సంగతి చెప్పేదేముంది? చీకట్లో, వానలో, కరెంటు స్తంభాలు కూలుతుండగా, అవ్వను భుజాన వేసుకుని ఆ కట్ట మీద నడవడం ఎలాగుంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు మూట సంగతి. ఇల్లు మొత్తం మోసుకుపోలేం. ఏది మూటలో పడాలి?

చాలామంది చెయ్యి ముందు బట్టల మీదికి పోతుంది. తర్వాత గిన్నెల మీదికి. కానీ తుఫాను వెళ్లిపోయాక ఎక్కువగా ఏడిపించేవి కాగితాలు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం. బోటు రిజిస్ట్రేషన్ కాగితం. ఇంటి పట్టా. పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు. ఆఖరికి బంగారం కుదువ పెట్టిన రసీదు కూడా. నీళ్లకు నానిపోయిన కాగితం ముద్దను పట్టుకుని ఆఫీసు మెట్లెక్కడం రెండో తుఫాను. వీటన్నిటినీ ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, అక్టోబరు వచ్చేసరికే ఒకచోట పెట్టుకుంటే, ఆ రోజున వెతుకులాట ఉండదు. పిల్లాడైనా దాన్ని పట్టుకుని పరుగెత్తగలడు.

అవ్వ బీపీ మాత్రలు మూటలో పడాలి. పసిబిడ్డకు పాలపొడి పడాలి. టార్చిలైటు, రేడియో, వాటికి బ్యాటరీలు పడాలి. ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంటే మూట కంటే ముందు ఆమె కదలాలి. ఈమధ్య తుఫాన్లలో కాన్పు దగ్గరపడ్డ గర్భిణుల జాబితా ముందే తీసి, వాళ్లను ఆసుపత్రులకు చేరుస్తున్నారు. ఇది మంచి అలవాటు. తుఫాను రాత్రి నొప్పులొస్తే అంబులెన్సు రాలేదు కదా.

షెల్టరు ఎలా ఉంటుంది? దివిసీమ తర్వాతి ఏళ్లలో ఇవి తీరమంతా లేచాయి. ఎత్తైన స్తంభాల మీద కట్టిన కాంక్రీటు భవనం. కింద ఖాళీ. ఉప్పెన వస్తే నీళ్లు ఆ స్తంభాల మధ్య నుంచి పోతాయి, పైనున్న జనం క్షేమం. 2011 తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో మరికొన్ని వచ్చాయి. మామూలు రోజుల్లో వాటిలో బడులు నడుపుకునే ఊళ్లున్నాయి. అలా నడిచిన భవనమే గట్టిగా ఉంటుంది. ఏడాదంతా తాళం వేసి ఉంచినదానికి ఆ రోజున తాళంచెవి దొరకదు. మరుగుదొడ్డికి నీళ్లుండవు. ఆడవాళ్లు షెల్టరుకు రావడానికి వెనకాడేది చాలాచోట్ల ఈ మరుగుదొడ్డి వల్లే. ఈ మాట పైకి చెప్పరు, మేకల మీదో గిన్నెల మీదో పెడతారు.

అక్కడ రాత్రి పొడుగ్గా ఉంటుంది. పులిహోర పొట్లాలు వస్తాయి. పిల్లలకు అది పండగలాగే ఉంటుంది, బడిలో పడుకోవడం రోజూ దొరకదు కదా. పెద్దవాళ్లు కిటికీ దగ్గర నిలబడి గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తూ ఉంటారు.

ఆ గాలి గురించి ఒక హెచ్చరిక. పెద్ద తుఫాను నడిబొడ్డు మీ మీదుగా పోతుంటే, ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది. వాన ఆగుతుంది. ఒక్కోసారి చుక్కలు కూడా కనబడతాయి. అయిపోయిందనుకుని జనం బయటికొస్తారు. ఇంటిని చూసొద్దామని, బోటును చూసొద్దామని పోతారు. అయిపోలేదు. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి మళ్లీ వస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి, అంతే బలంగా. మొదటి గాలికి సగం ఒరిగిన గోడలను రెండో గాలి పడేస్తుంది. గాలి ఆగిందని వెళ్లకండి. రేడియో చెప్పిందని వెళ్లండి.

తెల్లారాక తిరుగుప్రయాణం. వచ్చేటప్పుడు మూట ఒకటే. పోయేటప్పుడు ఒక్కోసారి దాంతోపాటు ప్రభుత్వం ఇచ్చిన బియ్యం, కొంత నగదు. మిచాంగ్ అప్పుడు కూడా కేంద్రాల నుంచి ఇళ్లకు తిరిగి వెళ్లేవాళ్లకు ఇలా ఇచ్చారు. ఇంటి దగ్గర ఏం మిగిలిందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కప్పు లేచిపోయి ఉండవచ్చు. పొయ్యి నిండా ఇసుక ఉండవచ్చు. బావిలో ఉప్పునీళ్లు చేరి ఉండవచ్చు, ఆ నీళ్లు తోడి పోసి, బ్లీచింగు చల్లేదాకా తాగడానికి లేదు. తెగిన కరెంటు తీగ నీటి గుంటలో పడి ఉంటే దగ్గరికి పోకూడదు, అది చచ్చిందో బతికుందో చూసి చెప్పలేం.

మన ఊహలోని ఇంటికి వద్దాం. కప్పు సగం పోయింది. గోడలు నిలబడ్డాయి. కొడుకు ముందు ఇంట్లోకి పోలేదు. నేరుగా సరుగుడు తోటకు పోయాడు. బోటు ఒక పక్కకు ఒరిగి ఉంది, పగల్లేదు. సాయంత్రం నలుగురు పట్టి నిలబెడతారు. కోడలు కాగితాల సంచి విప్పి, అన్నీ పొడిగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసి, మళ్లీ మూతి కట్టింది. కృష్ణపట్నంలో హెచ్చరిక సూచికలు దించేశారని రేడియో చెబుతోంది. సముద్రం రంగు ఇంకా బురదగానే ఉంది.

అవ్వ మాత్రం వాకిట్లో కూర్చుని మేకల్ని లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది లేదు. పలుపు విప్పమన్నందుకు కొడుకును, వీఆర్వోను, చివరికి రేడియోను కూడా తిట్టింది. సందె చీకట్లు పడుతుండగా తోట వైపు నుంచి ఒక అరుపు వినిపించింది. అవ్వ తిట్లు ఆపి, చెవి అటు పెట్టింది.